పూలు కట్టని పంపు

ఆయుధపూజ నాడు మా వార్డు ఆఫీసులో దేనికైనా బొట్టు పెట్టినారంటే, మరుసటి నాడు పొద్దున దాకా దాన్ని ముట్టేది లేదు. టైపు మిషను, చెత్త లారీ, పారలు, వాననీళ్లు తోడే డీజిలు పంపులు, అన్నిటికీ గంధం, కుంకుమ, బంతిపూల మాలలు. లారీ ముందర గుమ్మడికాయ పగలగొట్టి, బొరుగులు పంచుకొని ఇండ్లకు పోయేవాళ్లం. బెంగళూరులో ఆ దినాల్లోనే వానలు ముదురుతాయి. ఆ సంగతి మాకు తెలీదా? తెలుసు. అయినా అంతే.

ఆఫీసు వెనకాలే సర్కారు కాన్పుల ఆసుపత్రి. తారు వేసినప్పుడల్లా రోడ్డు ఎత్తు పెరిగి, అది గుంతలో పడిపోయింది. తొంభైల్లో ఒక ఏడు, సరిగ్గా ఆయుధపూజ నాడు, మా వదిన అక్కడ నొప్పులు పడతా ఉండాది. పెండ్లయిన శానా ఏండ్లకు నిలిచిన కడుపు. మా అన్నకు హొసకోటె ఫ్యాక్టరీలో పని. రాలేక, నన్ను చూసుకోమన్నాడు.

బొరుగులు తింటా ఉండంగానే ఆకాశం మసిబట్టి వాన కుమ్మింది. ఊరి మురుగంతా పోయే రాజకాలువ పొంగి నల్లనీళ్లు ఆసుపత్రి లోపలికి దిగినాయి. నర్సమ్మ పరిగెత్తుకొచ్చింది. బిడ్డ అడ్డం తిరిగిందంట, పెద్దాసుపత్రికి తీసుకుపోవాలంట. నీళ్లు తోడితేగాని ఆంబులెన్సు బండి లోపలికి రాదు.

పంపులు అక్కడే, మాలలేసుకొని ఉన్నాయి.

"తియ్యండప్పా!" అన్నాను. పంపు నడిపే ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"పూజలో ఉండాదప్పా. ఇప్పుడు ముట్టితే ఎవురో ఒకరిని తీసుకుంటుంది."

ఇంజనీరు సారు పూజారిని అడుగుదామన్నాడు. పూజారి ఇంట్లో ఫోను మోగతానే ఉంది, ఎత్తేవాళ్లు లేరు. హారతిచ్చి మొక్కి తీద్దామని ఇంకొకాయన. కర్పూరం తడిసి అంటుకోలేదు. ఆసుపత్రి లోపల నుంచి వదిన కేకలు. నా ఒళ్లు మండిపోయింది.

"మీ పూజ మన్నుబడ!" అని మాల తెంపి పారేసి, హ్యాండిలు నేనే తిప్పినాను. పంపు నడిచింది, నీళ్లు తగ్గినాయి, బండి వచ్చింది. వదిన బతికింది. బిడ్డ బతకలేదు. కొంచెం ముందర తెచ్చుంటే అని పెద్దాసుపత్రి డాక్టరమ్మ అంటా అంటా ఆగిపోయింది. ఆ 'కొంచెం' ఎక్కడ పోయిందో నాకు తెలుసు: పూజారి ఫోను కాడ, తడిసిన కర్పూరం కాడ.

దాని తరవాత ఆఫీసులో అందరితో కొట్లాడినాను. ఆయుధపూజకు ఒక పంపు బయటే ఉండాల, డీజిలు పోసి, ఆసుపత్రి వాకిట్లో. దానికి బొట్టు లేదు, పూలు లేవు. గొణుక్కుంటానే ఒప్పుకున్నారు. ప్రతి ఏడూ ఆయుధపూజ పొద్దున నేనే పోయి ఒక తూరి తిప్పి చూసేవాణ్ని. "పెండ్లాం కంటే దాన్నే బాగా చూసుకుంటావప్పా" అని ఎగతాళి చేసేవాళ్లు. చేసుకోనీ.

రెండువేల సంవత్సరం దాటినాక ఒక ఆయుధపూజ. గుమ్మడికాయ పగిలింది, బొరుగులు పంచినారు. ఉన్నట్టుండి ఎండ పోయి, రాజకాలువ వాసన గాలిలో లేచింది. నేను చేతిలో బొరుగులు అట్లే పెట్టి ఆసుపత్రి వాకిటికి పోయినాను.

పంపు నిండా కుంకుమ. చేతి లావు మాల. దాని ముందర మా వదిన చేతులు జోడించి నిలబడి ఉండాది.

"ఎవురు కట్టినారు?"

"నేనేప్పా" అనింది. "ఇన్నేండ్లు నీతో చెప్పలేకపోయినా. ఆ పొద్దు పూజలో ఉన్నదాన్ని నువ్వు తెంపితివి, అది నా బిడ్డను తీసుకునె. దీనికి పూజే లేకుండా చేస్తివి. ఇంగ ఎవురి బిడ్డనూ తీసుకోగూడదని మొక్కుకుంటాండా."

నేను డాక్టరమ్మ మాట చెప్పబోయినాను. ఆ మాటను ఆమెకు ఇన్నేండ్లు ఎవరూ చెప్పలేదు, ఇప్పుడు చెప్పి ఆమెను మళ్లీ ఏడిపించేదా?

లోపల ఏ తల్లో నొప్పులు పడతా అరిచింది. పెద్ద చినుకొకటి పంపు మీద పడి కుంకుమ కారింది. నేను మాల మీద చెయ్యి వేసినాను.

వదిన నా మణికట్టు పట్టుకుంది. "రేపటి దాకా ముట్టొద్దప్పా, నీకు దండం పెడతా" అనింది. వాన జోరందుకుంది. ఆమె పట్టు వదల్లేదు.