సూక్‌దేవ్ అంకుల్ నిదానం

మా సూక్‌దేవ్ అంకుల్‌కు తొందరంటే గిట్టదు. ట్రినిడాడ్‌లో మా మిథనాల్ ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్లు వాల్వులు తిప్పాడు. ఒక్కటీ గబుక్కున తిప్పలేదు. రోడ్డు పక్కన అందరూ నిలబడి రెండు నిమిషాల్లో మింగేసే డబుల్స్‌ను, అంటే రెండు రొట్టెల మధ్య శనగల కూరను, ఆయన అరగంట నమిలేవాడు. కూవా రోడ్డులో ఆయన కారు వెనక పడ్డామా, ఇక ఆ రోజు ఆలస్యమే.

"వెనకాల హారన్లు కొడుతున్నారంకుల్!"

"కొట్టనీ. వాళ్ల హారన్, వాళ్లిష్టం."

నాకు పని నేర్పిందీ ఆయనే. "గ్యాస్ మనింటికొచ్చిన చుట్టం, అమ్మాయ్. రియాక్టర్‌లో ఈ ఉత్ప్రేరకం గుళికల దగ్గర కాసేపు కూర్చోనిస్తేనే మిథనాల్ అవుతుంది. తరిమావనుకో, వచ్చింది వచ్చినట్టే పోతుంది. మరీ తోశావనుకో, కుర్చీలు విరగ్గొట్టి మరీ పోతుంది!"

మాట తలకెక్కింది కానీ చేతికెక్కలేదు. నా ఉద్యోగం ఖాయం కావాల్సిన పరీక్ష రోజున గ్యాస్ నేనే వదలాలి. భయంతో ఖాళీ కడుపున వచ్చాను. వాల్వు దగ్గర మేమిద్దరమే ఉన్నాం.

"పావు చుట్టు తిప్పు, ఒక చరణం పాడుకో, మళ్లీ పావు చుట్టు" అన్నాడు అంకుల్.

కంగారులో పాట మరిచిపోయాను. ఆయన నా చెయ్యి పట్టుకునేలోపే మూడు చుట్లు తిప్పేశాను. గ్యాస్ విసురుకు గుళికలు నలిగి పొడైపోయాయి.

మేనేజర్ క్వాషీ ఊగిపోతూ వచ్చాడు, వెనకే షిఫ్ట్ వాళ్లంతా. "ఎవరు తిప్పారు?"

"నేనే సార్" అన్నాడు అంకుల్.

అంత కోపంలోనూ క్వాషీకి నవ్వొచ్చింది. "నువ్వా? నువ్వు మూడు చుట్లు తిప్పేలోపు వచ్చే ఏడాది కార్నివాల్ పండగ కూడా వచ్చి పోతుంది!"

అందరూ పకపకా నవ్వారు. అబద్ధమాడినా చెల్లని పేరు ఆయనది. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

అంకుల్ నిదానంగా తల గోక్కున్నాడు. "సరే, తిప్పింది ఈ అమ్మాయే, డెసిరే. కానీ పక్కనుండి ఆపాల్సినవాణ్ని నేను. గేటు బయట డబుల్స్ తింటూ ఉండిపోయాను."

ఇది మాత్రం క్వాషీ ఇట్టే నమ్మాడు. నాకు ఇంకో అవకాశం దొరికింది. అంకుల్‌కు ఉద్యోగంలో మొట్టమొదటి మెమో వచ్చింది. దాన్ని ఆయన అరగంట చదివాడు.

ఇప్పుడు నేను షిఫ్ట్ ఇన్‌ఛార్జిని. నా నిదానం చూసి కొత్తవాళ్లు నన్ను నానమ్మ అంటారు. అన్నప్పుడల్లా నాకు గర్వమే.

నిజానికి ఆ రోజు ఆయన డబుల్స్ ముట్టనే లేదు. తనకోసం తెచ్చుకున్నవి పరీక్షకు ముందు నా చేతిలో పెట్టాడు. ఆ సంగతి మొన్న గుర్తు చేస్తే తీరిగ్గా నవ్వాడు.

"రెండు నిమిషాల్లో మింగేశావు, అమ్మాయ్. వాల్వు సంగతి నాకు అప్పుడే తెలిసిపోయింది."