కుడి భుజం దావా

రక్తం రాలేదు కాబట్టి దెబ్బే తగల్లేదన్నారు. ఆ మాట అన్నవాళ్ళలో కారులో కూర్చున్నాయన ఉన్నాడు, కారు తోలినవాడు ఉన్నాడు, తరవాత నల్లకోటు వేసుకుని వచ్చినాయనా ఉన్నాడు. నా భుజం నాది. అది నొప్పెడుతోందో లేదో నన్నడగాలి గానీ, వాళ్ళలో వాళ్ళు తేల్చేసుకుంటే ఎలా? ఇన్నేళ్ళయినా నాకా ఒళ్ళుమంట తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా లేదు.

అప్పటికి మా వైపు కార్లు కొత్త. టెక్కలి నుంచి భావనపాడు పోయే మట్టిరోడ్డు మీద ఎప్పుడో ఒకటి పోతే, దాని వెనక లేచిన దుమ్ము అణిగేదాకా జనం నిలబడి చూసేవారు. మా ఇంటాయన రంగం వెళ్ళి ఉన్నాడు. రంగూన్ని మేం రంగం అనే అంటాం. అక్కడ బియ్యం మిల్లులో పని. వెళ్ళేముందు మా ఉద్దానం ఇసకనేలలో కొబ్బరి మొక్కలు పాతి, "ఇయ్యి బతికితేనే మనం బతికినట్టు, జాగర్త" అని చెప్పి బారువలో ఓడెక్కాడు. ఇంట్లో మిగిలింది నేనూ, మా అత్తా. ఆవిడకి ఉబ్బసం. నడవగలదు గానీ బరువెత్తితే ఊపిరి అందదు.

ఇసకనేలలో కొబ్బరి మొక్కని బతికించడమంటే మాటలు కాదు. పోసిన నీళ్ళు పోసినట్టే ఇంకిపోతాయి. వేర్లు లోపలి తడిని అందుకునేదాకా వేసవంతా రోజూ పొయ్యాలి. ఇసకలో తవ్విన గుంటలోకి దిగి, కుండ ముంచి, నెత్తికెత్తుకుని పైకెక్కి, మొక్క మొక్కకీ తిరగాలి. ఆ కుండ ఎత్తే చెయ్యి మా ఇంట్లో నా కుడి చెయ్యి ఒక్కటే.

వానలు వెనకపట్టిన కొద్దిరోజులకి, టెక్కలి సంతలో కొబ్బరితాడు అమ్ముకుని నేనూ అత్తా ఇంటికి వస్తున్నాం. రోడ్డు ఓరనే నడుస్తున్నాం. వెనకనుంచి కారు వచ్చింది. బూర కొట్టలేదు. కొడితే గోతిలోకైనా దిగుదుము కదా! దాని రేకు నా కుడి భుజాన్ని తన్నింది. బుట్ట ఒక పక్కా, నేనొక పక్కా పడ్డాం.

కారు ఆగింది. తోలేవాడు దిగకుండానే, "కళ్ళు నెత్తి మీదున్నాయా?" అని అరిచాడు. వెనక నుంచి వచ్చి గుద్దినవాడు నన్నా మాట అడుగుతున్నాడు! లోపల కూర్చున్న ఆసామి తల బయటికి పెట్టి నన్ను కిందనుంచి మీదదాకా చూశాడు. తోటలూ పొలాలూ కొబ్బరి వ్యాపారమూ ఉన్న పెద్దమనిషి. "రక్తం లేదు కదా, ఏం కాలేదు. పోనియ్యి" అన్నాడు. కారు కదిలింది.

"ఓలమ్మో! నా కోడల్ని గుద్దేసి ఎల్లిపోతన్నార్రా!" అని మా అత్త మట్టిపెళ్ళ తీసి విసిరింది. దానికి తగల్లేదు. తగిలుంటే ఎంత బావుండేదో!

ఎముకలు కట్టే ఆయన భుజం సరిచేసి కట్టు కట్టాడు. కట్టు విప్పాక చూస్తే చెయ్యి రొమ్ము దాకా లేస్తోంది, అక్కడ ఆగిపోతోంది. ఇంకాస్త ఎత్తితే ప్రాణం జిల్లుమంటోంది. జడ వేసుకోలేను, కుండ ఎత్తలేను.

మా ఊళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. ఎడ్లబండి ఎవరికైనా తగిలితే, బండివాడు దిగి, ఆ మనిషిని ఇంటికి చేర్చి, లేచి తిరిగేదాకా వాళ్ళ పని తనే చేసిపెడతాడు. పొలమైతే పొలం, గొడ్లయితే గొడ్లు. ఇందులో కోర్టూ లేదు, గొడవా లేదు. కారుకైనా అంతే కదా అనుకుని నేను ఆ ఆసామి ఇంటికి వెళ్ళాను.

"బాబూ, నాను డబ్బుకి రానేదు. నా సెయ్యి లేసేదాకా మొక్కలకి నీల్లు పొయ్యడానికి ఒక మనిసిని అంపించండి" అన్నాను.

ఆయన నవ్వాడు. "మోటారుకీ ఎడ్లబండికీ తేడా తెలీదేటి నీకు?"

"తగిలిన సోట నొప్పికి తేడా నేదు బాబూ."

నవ్వు ఆగిపోయింది. "సరే, చూస్తాలే, వెళ్ళు" అన్నాడు.

తరవాత ఒకరోజు ఆయన గుమాస్తా మా ఇంటికొచ్చాడు. ఊరి పెద్దలిద్దరిని వెంటబెట్టుకుని వీధిలోనే నిలబడి, పెళ్ళాన్ని లోపలికి పంపాడు. ఆవిడ చేతిలో పళ్ళెం. అందులో చీర, పసుపు, కుంకం, రెండు కొబ్బరికాయలు. కొబ్బరితోటలవాళ్ళింటికి కొబ్బరికాయలు తెచ్చిన ఘనులు వాళ్ళు! ఆవిడ కుంకం తీసి నా నుదుటి దగ్గరకి చెయ్యి చాపింది. మొగుడు సముద్రం అవతల ఉంటే, ఇంటికొచ్చి బొట్టు పెడతానన్న ముత్తైదువని ఏ ఆడది వద్దంటుంది? పెట్టించుకున్నాను. పళ్ళెం అందుకున్నాను.

గుమ్మంలోకి వచ్చి, "మరి మనిసిని ఎప్పుడంపుతారు?" అని గుమాస్తాని అడిగాను.

"ఏ మనిసి? బొట్టెట్టేం, సీరెట్టేం. తగువు తెగిపోనాది" అన్నాడు. పక్కన పెద్దలిద్దరూ అవునన్నట్టు తలలూపారు. తగువు తెగాక బొట్టు పెట్టి గుడ్డ పెట్టడం మా వైపు ఉన్నదే. కానీ ముందు తగువు తెగాలి కదా! వీళ్ళు తెంపకుండానే బొట్టు పెట్టేశారు. నా ఒళ్ళు మండిపోయింది. అప్పుడే అనుకున్నాను, దీన్ని కోర్టుకి ఎక్కిస్తానని.

"పెద్దోలతోటి మనకేటే?" అని అత్త నెత్తీ నోరూ కొట్టుకుంది. నేను వినలేదు. కొత్తగా బోర్డు కట్టిన ప్లీడరు ఒకాయన ఉన్నాడంటే వెళ్ళాను. కారు గుద్దిన కేసు అనగానే ఆయన మొహం వెలిగిపోయింది. అంతకుముందు అక్కడ అలాంటి దావా ఎవరూ వెయ్యలేదట. నీళ్ళు పోసే మనిషి కావాలన్నాను.

"కోర్టు కుండలు మొయ్యదమ్మా. నీళ్ళు మోసే కూలి ఎంతవుతుందో అంతా రూపాయల్లో అడగాలి" అన్నాడాయన. సరే అలాగే అడగమన్నాను.

చలికాలం ఎలాగో గడిచింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు తలా ఒక కుండా పోశారు. వాళ్ళకీ తోటలున్నాయి, ఎన్నాళ్ళని పోస్తారు? ఎండలు ముదిరేసరికి ఎవరి మొక్కలు వాళ్ళవయ్యాయి. అందుకు వాళ్ళనేం అనను. కూలి మనిషిని పెట్టుకునే తాహతు మాకు లేదు. నేను ఎడం చంకన చిన్న కుండ పెట్టుకుని ఒకటీ రెండూ మొక్కలకి పొయ్యడం మొదలుపెట్టాను.

ప్లీడరుకి ఆ సంగతి తెలిసి నన్ను పిలిపించాడు.

"విచారణ అయ్యేదాకా నువ్వా కుండ ముట్టుకోకు. మొక్కలు ఎండితే ఎండనీ. కోర్టు అమీను వచ్చి చూసి రాసుకుంటాడు. భుజం నొప్పి జడ్జీకి కనబడదమ్మా. ఎండిన తోట కనబడుతుంది. తోట పచ్చగా ఉంటే నీ నష్టం ఏదని అడుగుతారు" అన్నాడు.

ఆయన చెడ్డవాడు కాదు. చెప్పింది కోర్టుకి సరైన మాటే. ఇంటికొచ్చి చెప్తే మా అత్త కూడా, "ఒగ్గెయ్యే అమ్మీ. కేసు గెలిత్తే మల్లీ పాతుకుందుము, కూలోల్ని ఎట్టుకుందుము" అంది. సరేనని కుండ బోర్లించాను.

కొన్నాళ్ళు కూర్చున్నాను. నిజం చెప్పాలంటే కూర్చోలేకపోయాను. పని లేకపోయినా తోటలోకే వెళ్ళేదాన్ని. ఆకుల కొసలు ముందు పసుపుపచ్చగా అయ్యాయి, తరవాత మధ్యాహ్నం అయ్యేసరికి మడుచుకుపోవడం మొదలుపెట్టాయి. దాహానికి నోరు తెరిచిన దూడల్లా నా కళ్ళముందే అవి ఎండుతుంటే, చంకలో చెయ్యి పెట్టుకుని, సాక్ష్యం తయారవుతోందని నేను సంతోషించాలి! ఛీ, అదేం బతుకు! గుద్దింది ఎవడో, చంపేది నేనా?

కుండ తీశాను. దొంగలా ఏ చీకటి వేళో కాదు, పట్టపగలు. గుంటలోకి దిగి, ఎడం చేత్తో ముంచి, ఎడం చంకన పెట్టుకుని పైకెక్కాను. సగం కుండే తేగలను, అందుకని రెండింతలు తిరిగేదాన్ని. సాయంత్రానికి ఎడం నడుం ఒరుసుకుపోయి మండేది. అత్త తిట్టింది, ఏడిచింది, ఊరుకుంది.

ఒకరోజు పక్క తోటలో కాయలు బేరమాడ్డానికి వచ్చిన గుమాస్తా కంచె దగ్గర నిలబడి నన్ను చూశాడు.

"సెయ్యి బాగైపోనట్టుందే!" అన్నాడు పళ్ళికిలించి.

"ఎడం సెయ్యికి ఎప్పుడూ ఏటీ అవనేదు. సూసుకో, బాగా సూసుకో. కోర్టులో కూడా సెప్పు" అన్నాను. కుండ మాత్రం దించలేదు.

ప్లీడరు నెత్తి కొట్టుకున్నాడు. "కేసుని నువ్వే చంపుకున్నావు" అన్నాడు.

"కేసు కోసం మొక్కల్ని సంపలేను బాబూ."

విచారణ రోజున జిల్లా మునసబు గారి కోర్టు కిటకిటలాడింది. కారు దావా ఎలా ఉంటుందో చూద్దామని వచ్చారంతా. కారు తోలినవాడు బూర కొట్టానని ప్రమాణం చేసి మరీ చెప్పాడు. మా అత్త బోనెక్కి, "బూరా నేదు, గీరా నేదు" అని తెగేసి చెప్పింది. తరవాత నన్ను ఎక్కించారు. ఆసామి తరఫు ప్లీడరు లేచాడు. పెద్ద వయసు, మెత్తటి గొంతు.

"గుమాస్తా భార్య బొట్టు పెట్టిందా?"

"ఎట్టింది."

"చీర తీసుకున్నావా?"

"తీసుకున్నాను. ఇదిగో, మడత ఇప్పనేదు."

"మీ ఊరి వాడుక ప్రకారం రాజీ అయినట్టే కదా?"

"అవనేదు బాబూ. మా ఇంటాయన రంగంలో ఉన్నాడు. బొట్టెడతానని గుమ్మంలోకొచ్చిన ముత్తైదువని పొమ్మంటే ఆయనకి కీడు. ఆ బొట్టు మా ఆయన పేనం కోసం ఎట్టించుకున్నాను. నా బుజం కోసం ఏటెట్టారు మీరు? ఇంటికెల్లి మీ ఆడోల్లని అడగండి, బొట్టొద్దని ఎవులైనా అంటారేమో!"

జనం గొల్లుమన్నారు. బంట్రోతు గద్దించాడు. మునసబు గారు రాస్తున్న కలం ఆపి, ఆ సంగతి చాలు, తరవాతది అడగమని ఆయనకి చెప్పారు.

"మొక్కలకి నీళ్ళు పోస్తున్నావా?"

కింద మా ప్లీడరు నా వైపే కన్నార్పకుండా చూస్తున్నాడు. లేదంటే చాలు. నా మాటకి ఎదురు ఒక్క గుమాస్తా మాటే, వాడు ఆసామి ఉప్పు తినేవాడు. ఆ సంగతి నాకూ తెలుసు.

"పోత్తన్నాను" అన్నాను. "ఎడం సేత్తో."

"ఒక్క మొక్కయినా ఎండిపోయిందా?"

"నేదు బాబూ. ఒక్కటీ ఎండనియ్యనేదు."

ఆ మాట నేను దిగులుగా అనలేదు. తల ఎత్తుకునే అన్నాను. ఆయన ఇంకేం అడగక్కర్లేదని కూర్చున్నాడు. మా ప్లీడరు తల దించుకున్నాడు.

కొన్నాళ్ళకి తీర్పు చదివారు. ఇంగ్లీషులో చదివింది మా ప్లీడరు తెలుగులో చెప్పాడు. బూర కొట్టకుండా వచ్చి గుద్దడం కారువాళ్ళ తప్పే. బొట్టు పెట్టినంత మాత్రాన రాజీ కాదు. కానీ మొక్కలన్నీ బతికే ఉన్నాయి, నీళ్ళు దావా వేసిన మనిషే పోసుకుంటోంది కాబట్టి, నష్టం జరిగినట్టు రుజువు కాలేదు. దావా కొట్టేశారు.

నేను బెంచీ మీద నుంచి లేచాను. కూర్చోమని బంట్రోతు సైగ చేశాడు. కూర్చోలేదు.

"అయితే బాబూ, ఎండబెట్టుకున్నోలికేనా నాయం?" అని అడిగాను.

మునసబు గారు కళ్ళద్దాలు తీసి నా వైపు చూశారు. "చట్టం అలా ఉందమ్మా" అన్నారు నెమ్మదిగా.

"ఆ సట్టం రాసినోలు ఎప్పుడూ కుండ మొయ్యనేదు బాబూ."

ఆయన కోప్పడలేదు. ఇంకో కాగితం తీసుకున్నారు.

బయట చెట్టు నీడలో ఆ కారే నిలబెట్టి ఉంది. గుమాస్తా పరిగెత్తుకొచ్చి, "కేసు పోనాది గానీ, అయ్యగారు దర్మంగా ఏదైనా ఇత్తామంతన్నారు" అన్నాడు. ఆసామి కారులోంచి చూస్తున్నాడు. ఆయనకి వినబడేలాగే చెప్పాను: "తప్పు ఆయనదేనని కోర్టే సెప్పింది. తప్పుకని ఇత్తే తీసుకుంతాను. దర్మం అక్కర్నేదు. ఇదిగో, మీ సీర కూడా అట్టుకుపొండి."

కారు వెళ్ళిపోయింది. ఈసారి బూర కొట్టాడు, జనం నవ్వారు. చీర మాత్రం గుమాస్తా చేతిలోనే ఉండిపోయింది.

మా ప్లీడరు మా దగ్గరకొచ్చాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి, పాపం. "అప్పీలు చేద్దాం. తప్పు వాళ్ళదని తేలింది కదా, సగం గెలిచినట్టే. పై కోర్టు మళ్ళీ సాక్ష్యం తీసుకోమంటే అక్కరకొస్తుంది. ఈ వేసవి ఒక్కటీ ఆ కుండ దించమ్మా" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు మా అత్త ముందుకొచ్చింది. కేసు వద్దన్నదీ, కుండ ఒగ్గెయ్యమన్నదీ ఆవిడే.

"దించదు బాబూ" అంది. "నా కోడలు దించదు. మీ పై కోర్టుకి ఒక దణ్ణం. బేగి పదవే, ఎండెక్కిపోతంది."

ఇంటికొచ్చేసరికి నా అడుగు తీసి అడుగు పడటం లేదు. గుంటలోకి ఎలా దిగాలా అని కుండ పట్టుకుని గట్టున నిలబడ్డాను. మా అత్త ఇంట్లోంచి చెంబు తెచ్చుకుని నన్ను దాటుకుని దిగింది. ఆవిడ గుంటలోకి దిగడం నేనెప్పుడూ చూడలేదు. చెంబుడు ముంచుకుని, పైకొచ్చి, కాసేపు కూర్చుని ఊపిరి తీసుకుని, ఒక మొక్కకి పోసింది. మళ్ళీ దిగింది. ఆసామినీ, ప్లీడర్లనీ, చట్టాన్నీ పేరుపేరునా తిట్టుకుంటూ మళ్ళీ ముంచింది. నేను ఎడం చంకన కుండ పెట్టుకుని ఆవిడ వెనకే దిగాను.