ఉప్పు చూసిన నాలుక

ఆ వంటగదిలో కోడలి పేరు ఎప్పుడో మాసిపోయింది. అత్త ఆమెను 'ఉప్పుకాటా' అనేది, ఇరుగుపొరుగువాళ్ళూ అదే పట్టుకున్నారు. అత్తది కైమా ఉండల వ్యాపారం. తెల్లారకముందే మాంసం వచ్చేది, పొద్దెక్కేసరికి మసాలా కలిపి, ఉండలు చుట్టి, వేయించి బజారులో కొట్లకు పంపాలి. అన్నీ నూనెలో పడ్డాక ఉప్పు సరిదిద్దడం ఎవరి తరం? అందుకని పచ్చి కైమా చిటికెడు తీసి కోడలి నోటికి అందించేది అత్త. కోడలు నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసి, "ఇంకో చెంచా పడాలి అత్తయ్యా" అని ఉమ్మేసేది. ఆ మాటకు తిరుగులేదు. అత్త తెగ మురిసిపోయేది. మురిసిపోవడానికి ఖర్చేముంది లెండి!

కడుపుతో ఉన్నప్పుడూ ఆ పని ఆగలేదు. వాంతులతో అన్నం సయించని రోజుల్లో కూడా, "మింగమన్నానా? చూసి ఉమ్మెయ్" అనేది అత్త. ఆ ఇంట్లో కోడలికంటూ ఉన్నది ఒక్క బూడిదరంగు పిల్లి. గడప దాటని సోమరిది. మాంసం గదిలోకి దాన్ని అత్త రానిచ్చేది కాదు. పని తెమిలాక అది కోడలి ఒళ్ళో ముడుచుకుని పడుకునేది.

ఒకసారి కోడలికి జ్వరం తగ్గక, మెడ దగ్గర గడ్డలు కట్టాయి. రక్తం పరీక్ష చేయించిన డాక్టరమ్మ మొహం గంభీరంగా మారింది.

"టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి సోకింది. బిడ్డదాకా వెళ్తే కళ్ళకు ప్రమాదం. మందులు రాస్తాను. ఇది పిల్లి మలం నుంచి రావచ్చు, సరిగా ఉడకని మాంసం..."

"పిల్లి ఉందండీ మా ఇంట్లో!" అని భర్త దొంగ దొరికినట్టు లేచి నిలబడ్డాడు.

"పచ్చి మాంసం తింటారా?" అని కూడా అడిగింది డాక్టరమ్మ.

"ఛీ! మేమేమైనా పులులమా?" అంది అత్త. కోడలూ తల అడ్డంగానే ఊపింది. ఉప్పు చూడటం కూడా తినడం కిందికే వస్తుందని ఆ పిచ్చిదానికి తట్టలేదు.

సాయంత్రానికల్లా పిల్లి గోనెసంచిలోకి వెళ్ళింది. భర్త దాన్ని ఊరవతల వదిలేసి వచ్చి, చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు. మర్నాడు కైమా మళ్ళీ కోడలి నోటి దగ్గరికొచ్చింది.

ఆడపిల్ల పుట్టింది. ఒక కంటి వెనక మచ్చ పడింది, ఇక ఆ కంటికి చూపు రాదన్నారు. "పిల్లిని ఒళ్ళో పెట్టుకుని పిల్ల కన్ను పోగొట్టింది మా మహాతల్లి" అని అత్త వీధంతా టాంటాం వేసింది. కోడలూ అదే నమ్మి, పిల్లి మీద తన ముద్దే బిడ్డ కంటి మీదికొచ్చిందని కుమిలి కుమిలి ఏడ్చింది. కంటి ఆసుపత్రి నర్సు ఒకరోజు మాటల్లో ఇంటి పని గురించి అడిగి, విని, నోటిమీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో తల్లీ! ఉమ్మేస్తే మాత్రం పోతుందా? నాకైతే పిల్లి కన్నా ఆ పచ్చి కైమా మీదే అనుమానం."

ఇంటికొచ్చి ఆ మాట చెప్తే అత్త ఇంతెత్తున లేచింది. "నెపం నా మీదికి నెడతావా? ఇది బయట తెలిస్తే కొట్లవాళ్ళు మన గడప తొక్కుతారా?" భర్త ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

మరుసటేడు ఆడపడుచు కడుపుతో పుట్టింటికొచ్చింది. "ఇవాళ ఉప్పు నేను చూస్తానమ్మా" అని సరదాగా గిన్నెలో చెయ్యి పెట్టబోయింది. అత్త ఆ చేతిమీద ఫట్‌మని ఒక్కటి వేసింది.

"ముట్టకు! కడుపుతో ఉన్నదానివి!"

కోడలు అత్తనే చూస్తూ నిలబడిపోయింది. అత్త చూపు తిప్పుకుంది. ఆనక చిటికెడు కైమా తీసి, ఎప్పట్లాగే కోడలి నోటి దగ్గరికి చాచింది.

"నువ్వు చూడవే. నీకెలాగూ కాన్పు అయిపోయిందిగా."

కోడలు నోరు తెరవలేదు. ఆ చిటికెడూ అందుకుని, చిన్న ఉండ చేసి, కాగుతున్న నూనెలో వేసింది. బాగా వేగేదాకా ఆగి, తీసి ఊదుకుని నోట్లో వేసుకుంది.

"ఇంకో చెంచా పడాలి" అంది. "ఇంతేగా అత్తయ్యా పని! ఈ నాలుగు నిమిషాలు నా బిడ్డ కోసం ఆగలేకపోయారా?"