క్లచ్ లేని బండి

మా ఆయనకు కొత్త వస్తువు కొనడం చేతకాదు. మా ఇంట్లో ఫ్రిజ్ ఎవరిదో, ఇన్వర్టర్ ఎవరిదో. నేను కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దే టేబులు మూతపడిన ఏదో ఆఫీసుది. ఉదయగిరిలో ఆయనకు కరెంటు సామాన్ల షాపు ఉంది. అక్కడ అమ్మేవన్నీ కొత్తవి, ఇంటికి తెచ్చేవన్నీ పాతవి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మా అవ్వ ఆయన్ని చూసినప్పుడల్లా అనేది. అందుకని ఆయన బెంగళూరు వెళ్ళి పన్నెండేళ్ళ పాత జర్మనీ కారు తోలుకొచ్చి వాకిట్లో నిలబెట్టిన రోజు నాకు ఆశ్చర్యం కలగలేదు. ఒళ్ళు మండింది.

నల్లటి బండి. మా వాకిలి పొడవు చాలక దాని మూతి వీధిలోనే ఉండిపోయింది. అటు పోయే ఆటోవాళ్ళు దాన్ని తప్పించుకుంటూ లోపలికి తొంగి చూస్తున్నారు.

"ఏందయ్యా ఇది?" అన్నాను.

"కొత్త చిన్న కారు కంటే చవక. ఇంత పెద్ద బండి పాతదైతే ఎవురూ కొనరంట."

"ఎందుకు కొనరో అడిగినావా?"

అడగలేదు. పైగా ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అని సామెత చెప్పాడు. వెయ్యి సంగతి తర్వాత, ముందు మేత ఎవరేస్తారని అడిగాను. ఆయన నడుం పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు.

"బండి బంగారం. ఒకటే కష్టంగా ఉండాది. దీనికి క్లచ్ లేదు. దారి పొడుగునా నా ఎడమ కాలు క్లచ్ కోసం ఎతుక్కుంటానే ఉండాది. అది పోయి బ్రేకు మీద పడతాది. పడినప్పుడల్లా రొమ్ము పోయి స్టీరింగుకు కొట్టుకుంటాది."

లోపలికి వెళ్ళబోతున్న నేను గడప దగ్గర ఆగాను.

"మరి ఎడమ కాలితో ఏం చెయ్యాలంట?"

"ఏం చెయ్యకూడదంట. ఊరికే పెట్టుకోవాలంట."

పసితనంలో నాకు పోలియో వచ్చింది. ఎడమ కాలు సన్నబడి అలాగే ఉండిపోయింది. తొడ దాకా ఇనుప పట్టీలున్న బూటు వేసుకుని, చంకలో కర్ర పెట్టుకుని నడుస్తాను. నాయన సైకిల్ వెనక కూర్చుని బడికి పోయాను. ఎవరో ఒకరు చెయ్యిస్తే బస్సెక్కి కాలేజీకి పోయాను. టీచరు ఉద్యోగం వచ్చాక వరికుంటపాడు పక్కనున్న బడికి సైడు చక్రాల స్కూటీ మీద తిరిగాను. ఎండా వానా అన్నీ నా నెత్తినే. కారు అనేది నేను పక్కన కూర్చునే వస్తువు, నడిపేవాళ్ళు వేరే. ఆ మాట నా మనసు ఎప్పుడో ఒప్పేసుకుంది. రెక్కలు లేవని ఎవరూ ఏడవరు కదా.

ఆయన మంచినీళ్ళు తాగుతుండగా వెళ్ళి డ్రైవరు వైపు తలుపు తీశాను. బరువైన తలుపు. కూర్చుని మూసుకుంటే చిన్న శబ్దం చేసి, వీధిని మొత్తం బయటే ఆపేసింది. కిందికి చూశాను. రెండే పెడళ్ళు. రెండూ కుడి కాలివే. ఎడమ పక్క కాలు పెట్టుకోవడానికి కొంచెం ఏటవాలుగా ఒక చోటు ఉంది, అంతే. నా కాలిని చేత్తో ఎత్తి అక్కడ పెట్టాను. కొలత తీసి కట్టినట్టు సరిపోయింది.

ఎక్కడో, మా ఊరి పేరు కూడా తెలియని చోట, ఎవరో కూర్చుని ఎడమ కాలికి పని లేకుండా ఒక బండి తయారు చేశారు. కోటీశ్వరుల సుఖం కోసమే చేసి ఉంటారు. అది చేతులు మారి మారి, పాతబడి, చవకబడి, చివరికి నా ముందుకొచ్చి ఆగింది. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆ రోజు మాత్రం స్టీరింగు పట్టుకుని ఏడ్చాను. కొన్నందుకు ఏడుస్తున్నాననుకుని మా ఆయన, నెలలోపు అమ్మేస్తానులే అని అద్దం అవతలి నుంచి సైగలు చేశాడు.

కాలేజీ గ్రౌండులో నేర్చుకున్నాను. నేర్పింది ఆయనే. విచిత్రం ఏమిటంటే, జీవితమంతా బండ్లు నడిపిన ఆయనకే ఆ బండి లొంగలేదు. పక్క సీట్లో కూర్చుని కూడా ఎడమ కాలు నేలకేసి తొక్కేవాడు. నాకు మరిచిపోవలసిన అలవాటే లేదు. సీటుకు జ్ఞాపకశక్తి ఉంది. ఆయన దిగి నేను ఎక్కి ఒక బొత్తం నొక్కితే, అది మెల్లగా ముందుకు జరిగి, పైకి లేచి, నాకు ఎంత కావాలో అంత దగ్గర ఆగేది. నా ఎత్తునూ నా వంకరనూ గుర్తుపెట్టుకున్న కుర్చీ నాకు అంతకు ముందు ఎక్కడా దొరకలేదు.

ఉదయగిరి కొండ నాకు మా కిటికీలోంచి కనిపించే వైపే తెలుసు. బడిలో అందరూ కోట చూడడానికి పైకెక్కితే నేను కింద చెప్పులకూ క్యారియర్లకూ కాపలా కూర్చునేదాన్ని. బండి చేతికొచ్చాక ఒక ఉదయం కొండ పక్కనే పోయే రోడ్డు పట్టాను. మలుపు తిరిగే కొద్దీ కొండ కూడా తిరిగింది. నేను ఎన్నడూ చూడని రాళ్ళు, ఒక గోడ ముక్క, పొద్దు ఇంకా పడని ఒక లోయ కనిపించాయి. ఆపాలనిపించిన చోట ఆపాను. ఎంతసేపు చూడాలో చెప్పేవాళ్ళు లేరు. ఇంత పెద్ద కొండకు ఇంకో వైపు ఉంది, అది ఇన్నాళ్ళూ అక్కడే ఉంది.

ఇక మేత సంగతి. ఒకసారి అద్దం దిగి మళ్ళీ ఎక్కలేదు. ఒకసారి ముందు లైటు లోపల చెమ్మ చేరి, అందులో చీమలు కాపురం పెట్టాయి. ఏ చిన్న సామాను కావాలన్నా చెన్నై నుంచో బెంగళూరు నుంచో రావాలి. ఆత్మకూరులో ఒక మెకానిక్ భయపడుతూనే బానెట్ ఎత్తేవాడు. అయినా కష్టమనిపించలేదు. లైసెన్సు కోసం వెళ్తే అక్కడివాళ్ళు నా కాలు చూశారు, బండి చూశారు, మళ్ళీ నా కాలు చూశారు. నడిపి చూపించాక, క్లచ్ లేని బండికి మాత్రమే అని రాసిచ్చారు.

లైసెన్సు వచ్చిన వారమే అనుమసముద్రంపేట బయలుదేరాం. మాది చర్చికి పోయే కుటుంబం. పాస్టరుగారు ఎప్పుడో బండికి ప్రార్థన చేశారు. కానీ మా ప్రాంతంలో బండి కొన్నవాళ్ళు ఏ మతమైనా ఒకసారి అక్కడి దర్గాకు తీసుకెళ్ళి ఫాతెహా చదివించుకుంటారు. పాత బండికి ఎంతమంది కాపలా ఉంటే అంత మంచిదని మా ఆయన అన్నాడు. అక్కడి దాకా నేనే నడిపాను. బండికి ఆకుపచ్చ దారం కట్టించుకుని, ఆత్మకూరులో అన్నం తిందామని తిరిగి బయలుదేరాం. ఊరు దాటగానే ముందు నుంచి ఆవిరి లేచి, బండి చెరువు కట్ట కింద ఆగిపోయింది. నీళ్ళ పైపు ఒకటి పగిలింది. చిన్న పైపు. అది మార్చి నీళ్ళు పోస్తే సరిపోయేదని తర్వాత తెలిసింది.

కానీ మా ప్రాంతంలో ఆగిన బండిని చూసి ఎవరూ ఊరుకోరు. ఆగిన బండిని తోయడం మావాళ్ళకు దాహమన్నవాడికి నీళ్ళివ్వడం లాంటిది. చెరువు ఒడ్డు గుడిసెల దగ్గర వల బాగు చేసుకుంటున్నవాళ్ళు వల వదిలేసి వచ్చారు.

"సెకండ్ గేరులో పెట్టమ్మా. మేం తోస్తాం, నువ్వు క్లచ్ వదులు," అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

"క్లచ్ లేదన్నా," అన్నాను.

ఆయన నా కాలు చూసి, పాపం తొక్కలేదనుకుని, "నువ్వు పక్కకు జరుగమ్మా, నేను కూర్చుంటాలే," అని ఎక్కాడు. కింద కాలు ఆడించి చూశాడు, వంగి చూశాడు. "అరె, పెడలు ఊడిపోయినాది. ఎక్కడ పడిపోయిందో ఏందో," అన్నాడు.

ఇద్దరు నిజంగానే రోడ్డు మీద కొంత దూరం వెనక్కి వెళ్ళి వెతికారు. అందరూ కలిసి తోస్తే అది కదిలింది గానీ స్టార్టు కాలేదు. ఇంతలో ఆ పెద్దాయన బంధువు ట్రాక్టరు తెచ్చాడు. వల తాడుతో బండిని కట్టి ఆత్మకూరు దాకా లాక్కెళ్ళారు. స్టీరింగు దగ్గర నేనే కూర్చున్నాను. డబ్బులు తీసుకోమంటే తీసుకోలేదు. పైగా, పొద్దుటి నుంచి తిన్నారో లేదో అని సంచీలో చేపలు పోసి ఇచ్చారు.

మెకానిక్ చూసి తల పట్టుకున్నాడు. ఇంజన్ ఆగిపోయినప్పుడు ఇలాంటి బండిని చక్రాల మీద అంత దూరం లాగకూడదట. లోపల ఆయిలు తిరగక గేరుబాక్స్ మాడిపోయింది. మాకెవరికీ ఆ సంగతి తెలియదు. మంచి చేయబోయినవాళ్ళను ఏమంటాం? కొత్త గేరుబాక్స్ మాకు అందే మాట కాదు.

"ఒక పని చేద్దాం సార్," అన్నాడు మెకానిక్. "మామూలు గేరుబాక్స్ దొరకతాది. క్లచ్ పెడలు పెట్టి ఎట్టనో కూర్చోబెడతాం. ఇంక ఈ బండి ఎక్కడ ఆగినా ఎవురైనా బాగు చేస్తారు."

మా ఆయన ముఖం వెలిగింది. "అదే మేలు. నాకూ హాయి. బండి నిలబడతాది."

షెడ్డు బయట స్టూలు మీద కూర్చున్న నేను కర్ర పట్టుకుని లేచాను.

"బండి నిలబడతాది. మరి నేను?" అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"క్లచ్ పెట్టిన రోజు అది నీ బండి అయిపోతాదయ్యా. నేను మళ్ళా పక్క సీట్లోకి పోతాను. ఎప్పుడు బయలుదేరతావని నిన్నే అడగాల. కొండ దగ్గర ఆపమని నిన్నే అడగాల. నువ్వు ఆపతావు, కాదనవు. అడగతా బతకడం నాకు చేతనైందే. కానీ ఇంక నా వల్ల కాదు. దాన్ని అమ్మెయ్, తుక్కు కింద ఇచ్చెయ్, ఏమన్నా చేసుకో. క్లచ్ మాత్రం పెట్టబాక."

మా పెళ్ళయినప్పటి నుంచి నేను ఆయన దగ్గర కాలి గురించి మాట్లాడింది లేదు. ఆయనా అడిగింది లేదు. మర్యాద అనుకున్నాం ఇద్దరమూ. బస్సులో ఉదయగిరి చేరేదాకా ఆయన చేపల సంచీ ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

మళ్ళీ స్కూటీ తీశాను. అది వానకాలం. ఒక రోజు తడిసి ఇంటికొస్తే షాపు మూసి ఉంది. చెన్నై పోయాడని పక్క షాపువాళ్ళు చెప్పారు. అక్కడ పాత సామాన్లమ్మే వీధులన్నీ తిరిగి, ఎక్కడో గుద్దుకుని నుజ్జయిన ఇలాంటి బండి నుంచి తీసిన గేరుబాక్స్ పట్టుకున్నాడట. గోనె సంచులు చుట్టి ట్రాలీ ఆటోలో ఆత్మకూరు చేర్చి, అక్కడి నుంచే ఫోను చేశాడు.

"టీచరమ్మా, క్లచ్ లేనిదే తెచ్చినాను," అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన తెచ్చిన పాత వస్తువును నేను తిట్టలేదు.

బిగించడానికి చెన్నై నుంచి తెలిసిన మనిషి వచ్చాడు. అంతా అయ్యాక మెకానిక్ ముందుగా నడిపి చూస్తానన్నాడు. నాలుగడుగులు పోయి ఎడమ కాలితో బ్రేకు తొక్కాడు. వెనక సీట్లో ఉన్న నా నుదురు ముందు సీటుకు తగిలింది. తర్వాత మా ఆయన ఎక్కాడు. ఆయనా అంతే.

"మీ కాళ్ళు ఊరికే ఉండలేవా?" అని ఇద్దరినీ దించి నేను ఎక్కాను. బొత్తం నొక్కాను. సీటు లేచి, జరిగి, నన్ను గుర్తుపట్టింది.

దర్గా మీదుగానే ఇంటికి బయలుదేరాం. చెరువు కట్ట కింద, వలల దగ్గర బండి నెమ్మది చేశాను. మళ్ళీ ఆగిపోయిందనుకుని పెద్దాయన చేతులు తుడుచుకుంటూ రోడ్డు మీదికి వచ్చేశాడు. అద్దం దించాను.

"పెడలు దొరికిందా అమ్మా?" అని అడిగాడు.

"లేదన్నా. దాంతో పని లేదు," అన్నాను.

ఆయన వంగి నా కాళ్ళ వైపు చూశాడు. ఎడమ కాలు దాని చోట అది ఊరికే ఉంది. కాసేపు చూసి, "అట్టనా," అన్నాడు. ఆ ఒక్క మాటలో నాకున్నంత ఆశ్చర్యమూ ఉంది.

అక్కడి నుంచి ప్రతి మలుపులోనూ పక్క సీట్లో మా ఆయన ఎడమ కాలు, అక్కడ లేని క్లచ్‌ను తొక్కుతూనే వచ్చింది. ఉదయగిరి కొండ కనిపించగానే ఆయన, "ఆపతావా? ఆ వైపు నేను కూడా చూడలేదు," అని అడిగాడు. నేను ఆపాను.