ముసుగువీరుడి మీద పదకొండు సంతకాలు

మాణిక్యానికి కోపం ఎక్కువని దేశ రాజధానిలోని ఆర్కే పురం తెలుగు వాళ్లందరికీ తెలుసు. డీటీసీ బస్సు కండక్టర్లకు తెలుసు, ఆవిడ పనిచేసే మంత్రిత్వ శాఖలో సెక్షన్ మొత్తానికీ తెలుసు. భీమవరం నుంచి పెళ్లయి వచ్చి, పరీక్ష రాసి, గుమాస్తాగా చేరిన నాటినుంచీ ఆవిడది ఒకటే పట్టు. చదవని కాగితం మీద పొట్టి సంతకం కూడా పెట్టదు. "అందరూ పెట్టేశారు కదా మేడమ్" అని ఎవరైనా నసిగితే, "అయితే నాదెందుకు?" అని కాగితం వాళ్ల బల్ల మీదికే తోసేస్తుంది.

అలాంటి మనిషి కొంపలోనే చూడకుండా సంతకం పడింది. ఇక ఒళ్లు మండకుండా ఉంటుందా?

తొంభై ఆరు వేసవి సెలవులవి. పక్క బ్లాకు కుర్రాడొకడు మెడకు తువ్వాలు కట్టుకుని, ఎగురుతానంటూ పిట్టగోడ మీంచి దూకి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. కాలనీ తెలుగు సంఘానికి కార్యదర్శి శేషగిరి. ఆఫీసులో అండర్ సెక్రటరీ, ఇంటి దగ్గర కూడా అండర్ సెక్రటరీయే. ఆయన వెంటనే ఓ కాగితం టైపు చేయించి ఇంటింటికీ తిప్పాడు. అతిమానవుల వీడియో గేములు పిల్లల్ని పాడుచేస్తున్నాయి కాబట్టి ఆ క్యాసెట్లన్నీ సంఘం బీరువాలో పెట్టాలట. పదకొండుమంది తండ్రులు కింద సంతకాలు గీకారు. ఒక్కడంటే ఒక్కడు ఆ ఆట చూసిన పాపాన పోలేదు.

పదకొండో సంతకం మాణిక్యం భర్త పద్మనాభానిది. సంతకంతో ఆగాడా? కూతురు ట్యూషన్‌కి వెళ్లిన వేళ చూసి, దాని బల్ల మీది క్యాసెట్ కూడా తీసి ఇచ్చేశాడు. వైశాలికి పద్నాలుగేళ్లు. ఏడాదిగా అడిగి అడిగి పాలికా బజార్లో కొనిపించుకున్న క్యాసెట్ అది.

మాణిక్యం ఆఫీసునుంచి వచ్చేసరికి పిల్ల అన్నం వద్దని గోడవైపు తిరిగి పడుకుంది.

"ఆ ఆట మీరెప్పుడైనా చూశారా?" అంది మాణిక్యం, చేతిసంచీ కిందపెట్టకుండానే.

"అందరూ పెట్టారే. శేషగిరిగారంతటాయన ఇంటికొచ్చి అడిగితే..."

"చూశారా అని అడుగుతున్నాను."

"చూసేదేవుంది? ముసుగేసుకుని వాడెవడో అందర్నీ కొడుతూ ఉంటాడు."

లోపల్నుంచి వైశాలి గొంతు వినిపించింది. "మమ్మీ, పాపా నే ముఝ్‌సే పూఛా తక్ నహీఁ." ఒక్కమాట అడగనైనా లేదని దాని ఏడుపు. ఆట పోయినందుకు కాదు, తండ్రి తనని దొంగని చూసినట్టు చూసినందుకు.

మాణిక్యం కట్టుచీరతోనే శేషగిరి ఇంటికి వెళ్లింది.

"సంఘం నిర్ణయం అయిపోయిందమ్మా" అన్నాడాయన.

"నిర్ణయం మీది, పిల్ల నాది. క్యాసెట్ ఇలా ఇవ్వండి. నేను చూస్తాను. బాగోలేదనుకోండి, నేనే చెత్తకుండీలో పడేస్తాను. ఆదివారం మీటింగులో మీకే చెబుతాను."

ఆవిడ నోటికి జడిసి ఆయన బీరువా తీశాడు.

చూడ్డమంటే మాణిక్యం ఉత్తినే చూడలేదు. కూలర్ ముందు పిల్ల పక్కనే చతికిలబడి, ఫైలు చదివినట్టు చదివింది. వీడెవడు, వాణ్ణెందుకు కొడుతున్నాడు, దెబ్బ తిన్నవాడు చస్తాడా లేస్తాడా అని పిల్లను అడిగింది. మంచి రసపట్టులో ఉండగా "ఇక ఆపు" అంది. వైశాలి మొహం మాడ్చుకుంది గానీ ఆపింది. ఓడిపోయినప్పుడు జాయ్‌స్టిక్ విసిరికొడుతుందేమోనని మాణిక్యం కనిపెట్టి చూసింది. విసరలేదు.

ఆట మూడో మెట్టులో బజారు వచ్చింది. బుట్టలమ్మే ఆడవాళ్లు, కర్ర పట్టుకున్న ముసలాయన అడ్డం నడుస్తున్నారు. వాళ్లను కొట్టినా పాయింట్లే! మాణిక్యానికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇది తయారుచేసినవాడెవడో ఎదురుగా ఉంటే చెంప వాచిపోయేది. క్యాసెట్ చెత్తకుండీకి వెళ్లడానికి అరక్షణమే మిగిలింది.

అయితే వైశాలి బొమ్మ వాళ్లెవర్నీ ముట్టుకోవడం లేదు. ఆగి, గెంతి, పక్కకు తప్పుకుని పోతోంది.

"పాయింట్లు పోతాయి కదే?"

"తో క్యా? ఉన్‌హోఁనే క్యా కియా మమ్మీ, బేచారే." పోతే పోనీ, వాళ్లేం చేశారు పాపం అని దాని లెక్క.

ఆట అయ్యాక మాణిక్యం క్యాసెట్‌ని తన చేతిసంచీలో వేసుకుంది.

ఆదివారం శేషగిరి ఇంట్లో టీవీ ముందు సంఘమంతా కూర్చుంది. మాణిక్యం ఇంటినుంచి తెచ్చిన ఆటపెట్టె తగిలించి, జాయ్‌స్టిక్ ఆయన చేతిలో పెట్టింది. "కాగితం రాసింది మీరు. ముందు మీరు చూడండి." ఆయన ముందు వద్దన్నాడు, తర్వాత నవ్వాడు, ఆ తర్వాత కుర్చీ ముందుకు లాక్కున్నాడు. చేతకానప్పుడల్లా వైశాలి బటన్లు చూపించింది. బజారు వచ్చేసరికి ఆయన చెయ్యి తగిలి బుట్టలావిడ పడిపోయింది.

"అరె, పాయింట్లొచ్చాయే!"

అంతే, ఇక ఆయన్ని పట్టేవాళ్లు లేరు. బుట్టల వాళ్లనందర్నీ వరసపెట్టి కొట్టాడు. వెనకనుంచి పెద్దమనుషులంతా ఈలలు, చప్పట్లు. "అంకుల్, ఉన్‌హేఁ మత్ మారియే" అని వైశాలి, వాళ్లను కొట్టొద్దంటూ బతిమాలింది. "ఉండమ్మా, మంచి ఊపు మీదున్నాను" అన్నాడాయన.

"ఆ ముసలాణ్ణి వదిలేశారు సార్! వెనక్కి రండి, వెనక్కి రండి! కొట్టండి వాణ్ణి!"

ఆ కేక పద్మనాభానిది.

మాణిక్యం లేచి టీవీ కట్టేసింది.

"ఆటలో చెడు ఉంది. నేనూ చూశాను. నా కూతురు ఆడగా కూడా చూశాను కాబట్టి దానికివ్వచ్చని చెబుతున్నాను. మీ పిల్లల సంగతి మీరు పక్కన కూర్చుని చూసుకోండి. మీకు మాత్రం ఇవ్వకూడదు. సిగ్గులేకపోతే సరి!" అని క్యాసెట్ లాక్కుని, పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

పద్మనాభం వెనకాలే వచ్చాడు. అన్నింటికీ హిందీలో జవాబు చెప్పే వైశాలి, గుమ్మం దగ్గర ఆగి తండ్రి వైపు తిరిగింది. వచ్చీరాని తెలుగులో, చాలా నెమ్మదిగా అడిగింది.

"నాన్నా, ఆ తాత నిన్నేం చేశాడు?"

పద్మనాభం తాళంచెవి పట్టుకుని తలుపు ముందు అలాగే నిలబడ్డాడు. మాణిక్యం కూడా ఆయన జవాబు కోసమే ఆగింది.