మట్టికి తలంటు

మా ఆయన రిటైరైన ఏడాదికి ఆయన మనసు మట్టి మీదికి పోయింది. నాకు కుళ్లు పుట్టింది. ఇందులో దాచుకోవడానికేమీ లేదు.

ప్రత్తిపాడులో మా పెరట్లో నాకో కనకాంబరాల మడి ఉండేది. మిరప పనుల రోజుల్లో మా తమ్ముడు తన ట్రాక్టరు కోసం డీజిల్ పీపా ఒకటి తెచ్చి దాని పక్కనే పెట్టాడు. పీపా అడుగున చిల్లు పడిందని మొక్కలన్నీ మాడిపోయాక గానీ మాకు తెలియలేదు. మడి నల్లబడిపోయింది. నీళ్లు పోస్తే ఇంకకుండా పక్కకి జారిపోయేవి. ఆ మట్టి తవ్వించి ఎక్కడైనా పారబోయించండి అన్నాను. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పిన మనిషి ఊరుకుంటారా? పారబోస్తే ఇంకొకరి నేల పాడవుతుంది, ఇక్కడే బాగుచేస్తానన్నారు.

మట్టిలో నూనెని తినే సూక్ష్మజీవులు ఉంటాయట. అవి తడిలో బతుకుతాయి. నూనేమో తడితో కలవకుండా మట్టిని కరుచుకుని కూర్చుంటుంది. నురుగొచ్చేదేదైనా పోస్తే నూనె చిన్న చిన్న బొట్లుగా విడిపోయి వాటి నోటికి అందుతుందట. మిరపకి మందు కొట్టేటప్పుడు ఆకుని పట్టుకోవడానికి జిగురు మందు కలుపుతారే, ఇదీ ఆ జాతిదేనన్నారు. ఎక్కువైతే ఆ జీవులే చస్తాయి కాబట్టి కొలత తప్పకూడదట. ఇదంతా వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పారు. ఆయన నాతో అంతసేపు మాట్లాడి ఎన్నాళ్లయిందో.

ఆ ఆదివారం తలంటుకుందామని డబ్బా తీస్తే కుంకుడుకాయలు లేవు. పెరట్లోకి వెళ్లి చూస్తే ఆయన గొంతుక్కూర్చుని, నా కాయలు కొట్టి నానబెట్టి, పిసికి, గుడ్డలో వడకట్టి, గ్లాసుతో కొలిచి మడి మీద చిలకరిస్తున్నారు. ఆ రోజు నా తలకి షాంపూ ప్యాకెట్టు, దాని తలకి కుంకుడు రసం.

అక్కడితో ఆగితే బాగానే ఉండేది. కాస్త యూరియా, కాస్త పేడ నీళ్లు. గాలి ఆడాలని మట్టిని తిరగెయ్యడం, ఎండకి ఆరిపోతుందని తడి గోనెసంచి కప్పడం. పప్పులో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో ఏనాడూ చెప్పని మనిషి, ఆ మట్టిని మాత్రం పిడికిట్లో నొక్కి తడి చాలిందో లేదో చూసేవారు. నాకు నడుం పట్టేసి పడుకున్న రోజు కూడా ముందు దాన్ని చూసుకునే లోపలికి వచ్చారు. పైగా ఆ సూక్ష్మజీవుల్ని 'మనవాళ్లు' అనేవారు. మనవాళ్లు పని మొదలుపెట్టారు, మనవాళ్లకి తడి చాల్లేదు. మా పుట్టింటివాళ్లు మాత్రం నేను కాపరానికి వచ్చిన నాటి నుంచీ 'మీవాళ్లే'. డీజిల్ పీపా తర్వాత మరీను. నాకు కడుపు మండదా?

ఒక పొద్దున పెరట్లోంచి పిలిచారు.

"ఏమే, ఇలా వచ్చి కాస్త వాసన చూడు."

కరోనా జ్వరం వచ్చి తగ్గాక ఆయనకి వాసన తెలియదు. కూర మాడినా ఒకటే, మల్లెలు విచ్చినా ఒకటే. డీజిల్ ఎంత తగ్గిందో చెప్పడానికి నా ముక్కు కావలసి వచ్చింది. నా సవతి బాగోగులు నన్నే చెప్పమనడం! మూతి తిప్పుకుంటూనే వెళ్లాను. పెట్రోలు బంకులో నిలబడ్డట్టుంది అన్నాను. మర్నాడూ పిలిచారు. ఆ తర్వాత నేనే కాఫీ గ్లాసులు అక్కడికి తీసుకెళ్లడం మొదలుపెట్టాను. రోజూ పొద్దున్నే ఇద్దరం మడి గట్టు మీద కూర్చునేవాళ్లం. నేను చెప్పినదాన్ని బట్టి ఆయన రసం పోయడమో మానడమో చేసేవారు. నా మాట మీద ఆయన ఒక పని చేయడం నాకు కొత్త.

వానలు పడ్డాక మడి మూలన గుప్పెడు మెంతులు చల్లారు. అవి మొలిస్తే నేల కోలుకున్నట్టేనట. నల్లపాడులో ఒక ట్రాక్టరు మెకానిక్కు షెడ్డు ఉందని, అక్కడి నేలంతా ఇంజనాయిలేనని, ఇది అయిపోగానే దాని పని పడతానని చెప్పారు. మెకానిక్కు వాళ్లావిడ దగ్గరుండి సాయం చేస్తానందట. అంటే అక్కడ వాసన చూసేది ఆవిడ. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

నిన్న పొద్దున మట్టి చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. డీజిల్ లేదు. వాన పడ్డ చేలో వచ్చే వాసనే. ఆయన నా మొహంలోకే చూస్తున్నారు.

"ఇంకా కొద్దిగా వస్తోందండీ," అన్నాను.

"అలాగా. అయితే ఇంకొన్నాళ్లు చూద్దాంలే," అంటూ కుంకుడుకాయల డబ్బా దగ్గరికి లాక్కున్నారు.

గ్లాసులు తీసుకుని లేస్తుంటే మడి మూల కనబడింది. మెంతులు మొలిచి ఉన్నాయి, ఒక్కోటీ రెండేసి ఆకులతో. వాటి మొదళ్లలో తడి ఇంకా ఆరలేదు. నేను లేవకముందే ఆయన వాటికి నీళ్లు పోసి ఉన్నారు.