మూతపడిన మిల్లు భోంగ

దయ్యాలను నేను నమ్మను. విలేకరిగా పనిచేసినన్నాళ్లూ అలాంటి కబుర్ల వెంట వెళ్లి, గాలికి ఊగే తలుపునో అటక మీది పిల్లినో చూసి తిరిగొచ్చినవాణ్ణి. ఇప్పుడూ నమ్మను. జరిగింది మాత్రం చెబుతాను.

మొన్నటి వానాకాలం బోధన్‌లో ముసురు వదల్లేదు. మట్టిగోడల ఇళ్లు ఖాళీ చేసి బడికి వెళ్లమని ఆటోకు మైకు కట్టి చెబుతున్నారు. మా మేనత్త రాజవ్వ కదల్లేదు. ఆమెను వెంట తీసుకునే ఆ ఇంటి గడప దాటాలని నిజామాబాద్ నుంచి బయల్దేరాను.

నేను చేరింది పట్టపగలే. అత్త, పక్కింటి కోడలు సుజాత లోపల కూర్చుని బీడీలు చుడుతున్నారు. వెనకగోడకు మోకాలెత్తు దాకా తడి పాకింది.

"మైకు ఏటా ఒర్రుతది అల్లుడా. ఒర్రి, ఛాయ్ తాగి పోతది," అంది అత్త. "గీ గోడ నాకంటె ముందు పుట్టింది. నాకంటె ముందు పోతదా?"

"గోడ నీ అంత మొండిది కాదత్తా," అన్నాను.

సుజాత నవ్వింది. ఆమె కూడా లేవలేదు.

హెచ్చరిక విన్నా మనుషులు ఎందుకు కదలరో రాయాలని నాకు చాలాకాలంగా ఉంది. ఫోన్లో అత్త మాటలు రికార్డు చేస్తూనే బతిమాలాను. లేవకపోతే ఎత్తుకుపోతానన్నాను.

"ఎత్తు, సూద్దాం. నీ నడుమే ఇరుగుతది."

అప్పుడు భోంగ మోగింది.

చక్కెర మిల్లు సైరన్‌ను ఇక్కడ భోంగ అంటారు. షిఫ్టు మారేటప్పుడు మోగేది. మామయ్య ఆ మిల్లులోనే చేసేవాడు. భోంగ వినపడితే అత్త చేతిలో పని వదిలేసి, అన్నం డబ్బా పట్టుకుని గేటు దగ్గరికి ఉరికేది. చిన్నప్పుడు సెలవుల్లో ఆ పరుగు నేనూ చూశాను. మిల్లు మూతపడి ఏళ్లయింది. మామయ్య అంతకు ముందే పోయాడు.

అత్త ఒళ్లోని చాట పక్కన పెట్టి లేచింది. గూట్లోని ఖాళీ డబ్బా తీసుకుని వాకిలి దాటింది. నేను వెంట నడిచాను. ఏమైందో తెలియక సుజాత మా వెనకే పరుగెత్తుకొచ్చింది. రోడ్డెక్కామో లేదో వెనకగోడ కూలింది. వాళ్లు కూర్చున్న చోటే దూలం పడింది.

మైకుకు లేవనిదానివి ఎందుకు లేచావని బడిలో అడిగాను.

"భోంగైతె కూసుంటరా ఎవలన్న?" అంది. డబ్బా ఇంకా ఒళ్లోనే ఉంది.

బడికి చేరిన మిల్లు పాత కార్మికులను భోంగ వినపడిందా అని అడిగాను. ఎవరూ వినలేదు. మిల్లు దాకా వెళ్లి చూశాను. తాళం వేసిన గేటు మీద తీగలు పాకి ఉన్నాయి. ఆ మోత ఎక్కడిదో ఇప్పటికీ చెప్పలేను.

రికార్డు నా దగ్గరే ఉంది. వాన చప్పుడు, దూరంగా మైకు, అత్త ఎగతాళి, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. భోంగ లేదు. "భోంగైంది," అని అత్త గొంతు. "ఏం భోంగవ్వా, నాకేం ఇనొస్తలేదు," అని సుజాత.

ఆ వెంటనే నా గొంతు: "నాకు ఇనొచ్చింది. నడు అత్తా."